ఎడమ నుంచి నాలుగోవాడి నంబరెంత?

కళ్ళజోళ్ళ షాపు బాబాయికి ఒకటే జబ్బు. వచ్చిన మనిషి ఎవరైనా సరే, కుర్చీలో సరిగ్గా కూర్చోకముందే "సాకరా, అమెరికన్ ఫుట్‌బాలా?" అని అడుగుతాడు. సాకర్ అన్నారో, అమెరికన్ ఫుట్‌బాల్ ముందు సాకర్ దేనికీ పనికిరాదని మొదలుపెడతాడు. పోనీ అమెరికన్ ఫుట్‌బాల్ అన్నారో, అదీ ఒక ఆటేనా అంటాడు. ముప్పై ఏళ్ళలో ఒక్క మనిషితో ఒక్కసారైనా "అవును, నిజమే" అన్న పాపాన పోలేదు.

కళ్ళ పరీక్షకి వచ్చినవాళ్ళ ముక్కు మీద ఒక బరువైన ఫ్రేము తగిలించి, అందులో అద్దాలు ఒక్కొక్కటే వేస్తూ తీస్తూ "ఇది బాగుందా, అది బాగుందా?" అనడం ఆయన వృత్తి. అదే గొంతుతో, అదే ఊపులో సాకర్ పెలేనీ అమెరికన్ ఫుట్‌బాల్ బ్రేడీనీ పోటీ పెట్టి "పెలేనా, బ్రేడీనా?" అనడం ఆయన అలవాటు. ఎక్కడ ఒకటి ఆగిందో, ఎక్కడ రెండోది మొదలైందో తెలియక జనం తికమకపడేవారు. ఒక టీచరమ్మ పాపం, "పెలే కాస్త మసగ్గా ఉన్నాడండీ, బ్రేడీయే స్పష్టంగా ఉన్నాడు" అని జవాబు చెప్పింది. ఆ రోజు నుంచి ఆయనకి ఇదా-అదా బాబాయి అనే పేరు స్థిరపడిపోయింది.

షాపు సన్నగా, పొడుగ్గా ఉంటుంది. కుర్చీ లోపలి చివర. అందులో కూర్చుంటే ఎదురుగా వీధి తలుపు, తలుపు పైన టీవీ. తలుపుకి ఎడమ పక్క సాకర్ జట్టు పోస్టరు, పై వరుస నిలబడి, కింది వరుస మోకాళ్ళ మీద. కుడి పక్క అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు పోస్టరు, హెల్మెట్లు చంకలో పెట్టుకున్న భారీ మనుషులు. సాకర్ వాళ్ళ గుండెల మీద నంబర్లు చొక్కా గుండీలంత. అమెరికన్ వాళ్ళవి అన్నం కంచాలంత. కళ్ళ షాపన్నాక అక్షరాల పటం కూడా ఉండాలి కదా, అదీ ఉంది, క్యాలెండరు వెనకాల. ఏళ్ళ తరబడి దాని మీంచి క్యాలెండరు తీసిన నాథుడు లేడు.

పెళ్ళిచూపుల్లో కూడా బాబాయి ఇదే ప్రశ్న అడిగాడట. పెళ్ళికూతురు తల పైకెత్తి, "నాకు రెండూ పడవు" అందట. ఎదురు పక్షం తీసుకుందామంటే పక్షమే లేకపోయేసరికి బాబాయి నోట మాట రాలేదు. ఆ మౌనాన్నే పెద్దవాళ్ళు అంగీకారం కింద జమకట్టి ముహూర్తం పెట్టేశారు. ఇంట్లో వాదించే దారి మూసుకుపోయింది కాబట్టే ఈయన షాపు తెరిచాడని ఆవిడ ఇప్పటికీ అంటూ ఉంటుంది.

ఈ జబ్బుకి అందరికన్నా ఎక్కువగా బలైపోయిన మనిషి మన బస్సు డ్రైవరు. డిపో ఆ వీధి చివరే. డ్యూటీ దిగి ఇంటికెళ్ళాలంటే షాపు ముందు నుంచే వెళ్ళాలి. ఇరవై రెండేళ్ళ కిందట చొక్కా జేబులో విరిగిన చలవ కళ్ళద్దాలు బాగుచేయించుకుందామని లోపలికెళ్ళి, నోరు జారి "సాకర్" అన్నాడు. అప్పట్నుంచి రోజూ సాయంత్రం ఆ కుర్చీలో టీ గ్లాసుతో సాకర్ పరువు కాపాడుతూనే ఉన్నాడు. బాబాయి ఆయనకి అన్నయ్య, బాబాయి భార్య వదిన అయిపోయారు గానీ, వాదన మాత్రం మొదటి రోజు ఎక్కడుందో అక్కడే ఉంది.

పెలే మూడు ప్రపంచ కప్పులు గెలిచాడని డ్రైవరు అంటే, బ్రేడీ ఏడు సూపర్ బౌల్ కప్పులు గెలిచాడు, లెక్క నువ్వే చూసుకో అనేవాడు బాబాయి. మారడోనా సగం మైదానం ఒక్కడే పరిగెత్తి, దారిలో దొరికిన ప్రతివాణ్ణీ దాటుకుంటూ పోయి గోల్ కొట్టాడని డ్రైవరు గ్లాసునీ బిస్కెట్లనీ బల్ల మీద పేర్చి చూపించేవాడు. అంత దూరం పరిగెత్తడం దేనికి, మా వాడు నిలబడ్డ చోటునుంచే బంతి విసురుతాడు, అవతల ఇంకోడు పట్టుకుంటాడు, పని చక్కగా పంచుకోవాలయ్యా అని బాబాయి ఆ బిస్కెట్లు తినేసేవాడు.

"గరించా కాళ్ళు రెండూ ఒకే వైపుకి వంగి ఉండేవి. ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. ఆ కాళ్ళతో ఆడాడు అన్నయ్యా," అని డ్రైవరు గద్గదంగా అనేవాడు.

"మా వాళ్ళలో బంతి పట్టే జెర్రీ రైస్ ఉన్నాడే, వాళ్ళ నాన్న తాపీ మేస్త్రీ. అన్నదమ్ములు కిందనుంచి ఇటుకలు విసిరితే రైస్ పైన పట్టుకునేవాడు. అలా వచ్చాయి ఆ చేతులు. ఇటుకలు తమ్ముడూ, ఇటుకలు," అని బాబాయి అంతకన్నా గద్గదంగా అనేవాడు.

అరవై నిమిషాల ఆటని మూడు గంటలు సాగదీస్తారనీ, అందులో బంతి నిజంగా కదిలేది పదకొండో పన్నెండో నిమిషాలనీ డ్రైవరు ఎద్దేవా చేసేవాడు. మరి తొంభై నిమిషాలు ఊపిరాడకుండా పరిగెత్తి సున్నా-సున్నా అని ఇంటికెళ్ళేదాన్ని ఏమనాలి అని బాబాయి అడిగేవాడు. డ్రైవరు అలిగి వెళ్ళిపోయేవాడు. మర్నాడు మళ్ళీ వచ్చేవాడు.

ఇలా ఉండగా డ్రైవరుకి ఒక చిక్కు వచ్చిపడింది. టీవీలో సాకర్ బంతి కనపడకుండా పోవడం మొదలైంది. మైదానం కనపడుతోంది, మనుషులు రంగురంగుల చుక్కల్లా కనపడుతున్నారు, బంతి మాత్రం లేదు. మొదట టీవీదే తప్పనుకున్నాడు. తర్వాత వర్షం వల్ల అనుకున్నాడు. ఎదురుగా వచ్చే లైట్ల చుట్టూ పిండి చల్లినట్టు మెరుపు కనపడసాగాక, ఏదో అనుకోవడం మానేశాడు.

ఎవరికీ చెప్పలేదు. రిటైర్మెంటు ఇంకా నాలుగేళ్ళు. డిపోలో ఏటా కళ్ళ పరీక్ష జరుగుతుంది, తప్పినవాణ్ణి స్టీరింగు మీదనుంచి దించి షెడ్డులో బస్సులు కడిగే పనికి పంపిస్తారు. అయితే డిపోలో ఆ పరీక్షకి పెట్టే అక్షరాల పటం పదకొండేళ్ళుగా ఒకే గోడకి వేలాడుతోంది. దాని కింది వరుస అక్షరాలు మన డ్రైవరుకి పిల్లల పుట్టినరోజుల కన్నా బాగా గుర్తు. ఈ ఏడు కూడా గట్టెక్కేస్తానని ధైర్యం చెప్పుకున్నాడు. బస్సు మాత్రం నెమ్మదిగా నడిపాడు. ఎంత నెమ్మదిగా అంటే, ఒక పెద్దాయన దిగిపోయి నడిచి, తర్వాతి స్టాపులో అదే బస్సు మళ్ళీ ఎక్కాడు. నెమ్మదిగా నడిపితే తప్పు సగం తగ్గిపోయినట్టేనని డ్రైవరు లెక్క. అది తప్పుడు లెక్కని ఆయనకీ తెలుసు, మనమూ అనక తప్పదు.

ఇక షాపులో ఏం చెయ్యాలి? సాకర్ పెట్టినప్పుడల్లా అందరూ "అబ్బా" అన్నాక తనూ "అబ్బా" అనాల్సి వస్తోంది, అరక్షణం ఆలస్యంగా. అమెరికన్ ఫుట్‌బాల్ హాయిగా ఉంది. ఆట ఆగుతుంది, మనుషులు బారులు తీరతారు, నాలుగు క్షణాలు కుమ్ముకుంటారు, మళ్ళీ ఆగుతుంది. చూపించిందే నాలుగుసార్లు చూపిస్తారు. అన్నిటికన్నా గొప్ప సంగతి, అందులో బంతి ఎవరి చేతిలో దాక్కుందో కళ్ళున్నవాళ్ళకీ తెలియదు. బంతి కనపడని మనిషికి అంతమంది తోడు దొరకడం మామూలు విషయం కాదు.

దాంతో ఒక సాయంత్రం డ్రైవరు టీ ఊదుకుంటూ, "ఆలోచిస్తే నువ్వు చెప్పిందే నిజం అన్నయ్యా. అమెరికన్ ఫుట్‌బాలే గొప్ప ఆట," అన్నాడు.

బాబాయి చేతిలో అద్దం చేతిలోనే ఉండిపోయింది. లోపల్నుంచి వదిన తొంగిచూసింది. ఆనవాయితీ ప్రకారం ఇప్పుడు బాబాయి సాకర్ పక్షం తీసుకోవాలి. తీసుకున్నాడు గానీ ఆ గొంతులో పస లేదు. మారడోనా గోల్‌ని కూడా ఏదో రేషన్ జాబితా చదివినట్టు చెప్పాడు. డ్రైవరు వెళ్ళాక చాలాసేపు ఖాళీ కుర్చీకేసి చూస్తూ కూర్చున్నాడట. ఇరవై రెండేళ్ళ తర్వాత గెలిచినందుకు దిగులుపడ్డ మనిషిని ఆయన్నొక్కణ్ణే చూశానని వదిన తర్వాత చెప్పింది.

రెండు వారాలు గడిచాయి. ఒకరోజు డ్రైవరు కుర్చీలో కూర్చోగానే బాబాయి, ఏదో మాటల్లో పడి అడిగినట్టు, "సాకర్ వాళ్ళ పోస్టరులో కింది వరుస, ఎడమ నుంచి నాలుగోవాడి నంబరెంత?" అన్నాడు.

"ఏడు," అన్నాడు డ్రైవరు తల తిప్పకుండానే. "ముందు బంతి పెట్టుకుని కూర్చున్నాడు చూడు, అతనేగా."

బాబాయి లేచి వెళ్ళి వీధి తలుపు దగ్గరికి వేసి వచ్చాడు. ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఆ పోస్టరు మార్చి తొమ్మిది రోజులైంది తమ్ముడూ. రంగు అదే, మనుషులు వేరు. నాలుగోవాడి నంబరు పదహారు. అతని ముందు బంతి లేదు."

డ్రైవరు గోడకేసి చూశాడు. ఎర్రచొక్కాలు రెండు వరుసలు, అంతే. బంతి ఉన్నదీ లేనిదీ ఆయనకి తెలియలేదు. సిగ్గు వచ్చింది, సిగ్గు వెనకే కోపం వచ్చింది.

"ఇన్నేళ్ళు కలిసి టీ తాగిన మనిషికి పరీక్ష పెట్టావా?"

"పెట్టాను. నువ్వు సాకర్‌ని వదిలేశావంటే బంతి కనపడటం మానేసిందని అర్థం. ఇంకో కారణం ఉండదు."

శుక్లాలు అయ్యుంటాయి, చిన్న ఆపరేషను, రెండు నెలల్లో మళ్ళీ స్టీరింగు పట్టుకోవచ్చు అని బాబాయి చెప్పాడు. పేరు బయటపెట్టకుండా డిపో గుమాస్తాని కూడా అడిగి వచ్చాడు. తనంతట తను చెప్పుకుని సెలవు పెట్టి చూపు బాగుచేయించుకున్నవాణ్ణి మళ్ళీ పనిలోకి తీసుకుంటారు. దాచి పట్టుబడినవాణ్ణి మాత్రం మళ్ళీ బస్సెక్కనివ్వరు. పరీక్షకి ఇంకా నెల రోజులుంది.

"నాలుగేళ్ళు అన్నయ్యా. ఇంకో నాలుగేళ్ళు ఎలాగో లాగేస్తే నా అంతట నేనే దిగిపోతాను."

"బస్సులో నువ్వొక్కడివే ఉంటే లాగమనే చెప్పేవాణ్ణి," అన్నాడు బాబాయి.

డ్రైవరు గ్లాసు ఠక్కున పెట్టి లేచాడు. నీకు ఆటా తెలీదు, మనిషీ తెలీదు అనేసి వెళ్ళిపోయాడు. మర్నాటి నుంచి ఇంటికి చుట్టుదారిన వెళ్ళాడు. ఆ దారిలో టీ బాగుండదు, వాదించేవాళ్ళూ ఉండరు. మూడు రోజులకే ఆయనకి ప్రాణం విసిగిపోయింది, అయినా పంతం పంతమే.

నాలుగో రోజు మధ్యాహ్నం. ఎండ బాగా ఉంది, రోడ్డు ఖాళీగా ఉంది, బస్సు ఎప్పట్లాగే నత్తనడక నడుస్తోంది. ఉన్నట్టుండి వెనకనుంచి కండక్టరమ్మ "ఆపన్నా, ఆపు" అని కేకేసింది. డ్రైవరు బ్రేకు తొక్కాడు. ముందు చక్రం కింద ఢామ్మని ఏదో పేలింది.

గబగబా కిందికి దిగాడు. చక్రం కింద ఒక ఎర్ర రబ్బరు బంతి చచ్చి పడి ఉంది. పేవ్‌మెంటు అంచున ఏడేళ్ళ అమ్మాయి నిలబడి ఉంది. ఇంకో అడుగు వేసి ఉంటే రోడ్డు మీదుండేది. బంతి రోడ్డు అంతా దొర్లుకుంటూ వచ్చిందని కండక్టరమ్మ చెప్పింది. బస్సులో అందరూ చూశారట.

ఆ అమ్మాయి ఏడవలేదు. బంతికేసి చూసి, ఆయనకేసి చూసి, "మీకు కనపడలేదా?" అని అడిగింది.

కోపంతో అడగలేదు, తెలుసుకుందామని అడిగింది. డిపో వాళ్ళు పదకొండేళ్ళుగా అక్షరాలు చదవమన్నారే గానీ ఈ మాట ఎప్పుడూ అడగలేదు. దీనికి బట్టీపట్టిన జవాబు ఆయన దగ్గర లేదు.

"లేదమ్మా," అన్నాడు. "నాకు కనపడలేదు."

ఆ మాట పైకి అనేశాక బస్సు మళ్ళీ ఎక్కలేకపోయాడు. తాళాలు కండక్టరమ్మ చేతిలో పెట్టి, ఇంకో డ్రైవర్ని పంపమని డిపోకి ఫోన్ చేశాడు. ప్రయాణికులు సణుక్కుంటూ దిగారు. పక్కన మెట్టు మీద కూర్చుని, ఉన్న సంగతి ఉన్నట్టు కాగితం మీద రాసి, సెలవు చీటీ తానే పట్టుకెళ్ళి ఇచ్చాడు. గుమాస్తా అది చదివి, "మీరేనా" అని ఒక్క మాట అని ముద్ర కొట్టాడు.

సాయంత్రం అసలు దారినే ఇంటికి బయలుదేరాడు. షాపు గుమ్మంలో ఆగిపోయాడు. క్షమాపణ అడగాలని ఉంది, ఇరవై రెండేళ్ళలో ఆ షాపులో ఎవరూ ఎవర్నీ క్షమాపణ అడిగింది లేదు. బాబాయి తల పైకెత్తి చూశాడు.

"సాకరా, అమెరికన్ ఫుట్‌బాలా?"

"సాకర్," అన్నాడు డ్రైవరు.

"నీ బుద్ధి మారదు," అని బాబాయి కుర్చీ తుడిచి ముందుకు జరిపాడు. వదిన అడక్కుండానే టీ తెచ్చింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయని డ్రైవరు అంటాడు గానీ, అప్పటి ఆయన చూపుని నమ్మడానికి లేదు.

ఆదివారం ఇద్దరూ కలిసి ఆ అమ్మాయికి బంతి కొనడానికి వెళ్ళారు. ఏ బంతి కొనాలన్న దగ్గర ఎంతకీ తెగకపోవడంతో, గుండ్రటిదొకటి, కోలగా ఉన్నదొకటి కొన్నారు. ఆ పిల్ల కోలబంతిని నేలకి కొట్టి, అది ఎటు ఎగురుతుందో తెలియక నవ్వుతూ దాని వెనకాల పరిగెత్తింది, ఈసారి ఇంటి పెరట్లోనే.

ఆపరేషన్లు ఒక కన్ను తర్వాత ఒకటిగా, మూడు వారాల తేడాతో అయ్యాయి. రెండుసార్లూ బాబాయి ఆసుపత్రికి తోడు వెళ్ళాడు. రెండోసారి పక్క మంచం పేషెంటు పొరపాటున సాకర్ అన్నాడు. అరగంటలో అతని బీపీ ఎంతకి పెరిగిందంటే, నర్సు వచ్చి బాబాయిని వరండాలోకి పంపించేసింది.

చూపు వచ్చాక డ్రైవరు మొదటిసారి షాపుకి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. అద్దాల పెట్టె మీద దుమ్ము కనిపించింది. వదిన జుట్టు ఎప్పుడో నెరిసిపోయిందని తెలిసింది. పోస్టరులో నాలుగోవాడి గుండెల మీద పదహారు, ఎవరో ఇప్పుడే రాసి వెళ్ళినంత నల్లగా ఉంది. చదవడానికి ఇంకేం ఉన్నాయా అని నాలుగు గోడలూ వెతుక్కుంటూ ఉండగా, బట్టలు కుట్టే ఒకావిడ వచ్చింది. డ్రైవరు లేచి కుర్చీ ఇచ్చాడు. కళ్ళజోడు మర ఊడింది, బిగించి ఇస్తే చాలు, కళ్ళకేం ఢోకా లేదని ఆవిడ రెండుసార్లు చెప్పింది.

"సాకరా, అమెరికన్ ఫుట్‌బాలా?" అన్నాడు బాబాయి మర బిగిస్తూ, కళ్ళజోడు తిరిగి ఆవిడ చేతిలో పెడుతూ.

మనవరాలు ఆడుతుంది కాబట్టి సాకరే అందావిడ. అదీ ఒక ఆటేనా, వాళ్ళ నంబర్లూ నంబర్లేనా, ఆ పోస్టరులో నాలుగోవాడిది చూడండి అన్నాడు బాబాయి. ఆవిడకి పౌరుషం వచ్చింది. కళ్ళజోడు పెట్టుకుని ముందుకి వంగి, కళ్ళు చికిలించి, వేలు చూపిస్తూ "ఏం, పదో నంబరుకేం తక్కువ" అంది. బాబాయి కాదనలేదు. మాటల్లో మాటగా ఆ జోడు తీసి, ఆవిడ ముక్కు మీద ఫ్రేము తగిలించి అద్దం వేశాడు. "పద్దెనిమిది" అంది. ఇంకోటి వేశాడు. "పదహారు," అని ఆవిడే ఆశ్చర్యపోయింది.

డ్రైవరు క్యాలెండరుకేసి చూశాడు, దాని వెనక దాక్కున్న పటం అంచు చూశాడు. రెండు దశాబ్దాలు ఆ కుర్చీలో కూర్చుని వాదన పేరుతో తాను ఏ పరీక్ష ఇస్తూ వచ్చాడో అప్పటికి బోధపడింది. పటం ఉండగా ఈ తిప్పలెందుకని వదినని అడిగాడు.

"అక్షరాల పటం చూపిస్తే పరీక్ష అనుకుని బిగుసుకుపోతారయ్యా," అందావిడ గ్లాసులు తీస్తూ. "చదువు రానివాళ్ళు ఆ మాట చెప్పలేక కళ్ళు బాగానే ఉన్నాయని లేచిపోతారు. ఆట గురించి అడిగితే ఎవరికీ సిగ్గు ఉండదు. మనం అవునంటే తలూపి ఊరుకుంటారు. కాదంటే గోడకేసి వేలు చూపించి మరీ చూస్తారు."

"అయితే అన్నయ్యకి అసలు ఏ ఆట ఇష్టం?"

"ఏ ఆటా పది నిమిషాలకి మించి చూసిన మొహం కాదు. నిద్రపోతారు. ఆ గరించాలూ, ఇటుకలూ అన్నీ పొద్దున్నే పుస్తకంలో బట్టీపట్టి వస్తారు, సాయంత్రం నువ్వొస్తావని."

బట్టలు కుట్టే ఆవిడ వెళ్ళాక బాబాయి తీరిగ్గా పెట్టె సర్దుకుంటున్నాడు. డ్రైవరు ఆయన్నే చూస్తూ కూర్చున్నాడు. అద్దం మీద రాసిన నంబరు చదవడానికి బాబాయి దాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు, తర్వాత చెయ్యి చాచి దూరం పట్టుకున్నాడు. కొత్త కళ్ళకి ఇలాంటివి ఇట్టే పట్టుబడతాయి.

"అన్నయ్యా, పై వరుసలో చివరివాడి నంబరెంత?"

"ఎనిమిది."

"మూడు."

డ్రైవరు లేచి, బాబాయి చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాడు. తను స్టూలు మీద కూర్చుని, ఆయన ముక్కు మీద ఫ్రేము తగిలించి ఒక అద్దం వేశాడు.

"ఇది బాగుంది కదూ?"

"కాదు. ఇంతకుముందుదే నయం."

"ఇంతకుముందు అద్దమే లేదు. సరే, ఇది? ఇది బాగుంది కదూ?"

"కాదు, మొదటిదే."

మొదటిది వేస్తే రెండోది కావాలన్నాడు. మూడోది వేసి బాగాలేదు కదా అంటే భేషుగ్గా ఉందన్నాడు, తీరా చూస్తే అది ఉత్త గాజు. పెట్టెలో సగం అద్దాలు అయిపోయాయి. ముప్పై ఏళ్ళుగా ఈయన కళ్ళకి జోడు ఎందుకు రాలేదో ఇప్పుడర్థమైందా అని వదిన లోపల్నుంచి అడిగింది. ఆ మాటతో డ్రైవరుకి దారి దొరికింది. ఫ్రేము తీసేసి, పెట్టె మూతవేసి లేచాడు.

"నీ కళ్ళు వజ్రాల్లా ఉన్నాయి అన్నయ్యా. నీకు జోడు అక్కర్లేదు."

"అక్కర్లేదా? ఎవరయ్యా అక్కర్లేదన్నది?" అని బాబాయి కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. తనకి ఏ కంటికి ఎంత మసకో, ఎప్పట్నుంచి మసకో, ఏ అద్దం వేస్తే ఎంత తేలుతుందో గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోయాడు. డ్రైవరు పక్కనున్న చీటీ తీసుకుని, ఆయన చెప్పిన అంకెలన్నీ ఒక్కటి కూడా పొల్లుపోకుండా చక్కగా రాసుకున్నాడు.